తప్పిపోతే ఎన్ని దినాలు

పెళ్లిచూపులకు ఎవరొచ్చినా మనోరమ అడిగేది ఒకటే. "నేను తప్పిపోతే ఎన్ని దినాలు దేవులాడుతరు?"

జహీరాబాద్‌లో అల్లం వ్యాపారం చేసే రామ్‌కిషన్‌కు ఆమె ఒక్కతే కూతురు. తల్లి లేదు. పెంచింది నాయనమ్మ నారమ్మ. నారమ్మ చెప్పిన కథల్లో రాజకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోతాడు. రాజకుమారుడు పన్నెండేండ్లు అడవులన్నీ వెతికి ఆమెను కనుక్కుంటాడు. ఎనిమిదేళ్లప్పుడు విన్న ఆ లెక్క ఇరవై ఒకటో ఏట కూడా మనోరమ మనసులోంచి పోలేదు. పన్నెండేండ్లకు తక్కువ చెప్పినవాడు ఆమెకు అక్కర్లేదు.

మొదట వచ్చిన బడిపంతులు నవ్వాడు. రెండో సంబంధంలో పిల్లవాడి తల్లి జవాబు చెప్పింది: "తప్పిపోవుడేంది, ఇంట్ల ఉండక?" మూడో అతను "పాణం ఉన్నంత కాలం" అన్నాడు. అయితే ఆ మాట అన్నప్పుడు అతను చూసింది రామ్‌కిషన్ వైపు.

1978 డిసెంబరులో నాలుగో సంబంధం వచ్చింది. పేరు సదాశివ. చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు మీద లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. ప్రశ్న విని అతను చాయ్ కప్పు కింద పెట్టాడు.

"యాడ తప్పిపోతవు? బస్సులనా, జాతరలనా?"

ఇలా తిరిగి అడిగినవాడు ఇంతవరకు లేడు. "బస్సుల," అంది మనోరమ.

అతను కాసేపు ఆలోచించాడు. "అట్లయితే రెండు దినాలు."

వాళ్లు వెళ్లాక మనోరమ వంటింట్లో నారమ్మ దగ్గరకు వచ్చింది. "రెండు దినాలంట అవ్వా! బర్రె తప్పిపోయినా వారం దేవులాడుతరు."

"ఇగ నాతోని కాదు," అన్నాడు వెనకే వచ్చిన రామ్‌కిషన్. "ఎల్లామాస తెల్లారి రేవణసిద్ధప్ప వస్తడు. ఔనో కాదో ఆయనకు చెప్పాలె." రేవణసిద్ధప్ప ఈ సంబంధం తెచ్చిన మధ్యవర్తి. కాదనే చెప్పాలని మనోరమ అనుకుంది. తర్వాత ఇంకో సంబంధం రాదేమోనన్న భయమూ ఉంది.

ఎల్లామాస అమావాస్య నాడు ఆ ప్రాంతంలో ఇళ్లకు తాళాలు పడతాయి. అందరూ చేలల్లోనే తింటారు. ఆకుకూరలు, చిక్కుళ్లు, పచ్చి శనగలు కలిపి వండిన భజ్జి, జొన్నరొట్టె, అంబలి. ఆ రోజు చేను పక్కనుంచి పోయేవాడిని, పగవాడైనా సరే, పిలిచి పెట్టాలి. రామ్‌కిషన్ చేను మొగుడంపల్లి దారిలో ఉంది.

రొట్టెల మూట విప్పుతూ మనోరమ అడిగింది. "అవ్వా, ఆ పన్నెండేండ్లు రాజకుమారి ఏం చేసింది?"

"ఏం చేస్తది? కూసున్నది. కథల ఆమెకు పనేముంటది?"

"మరి ఆయనకు అన్నేండ్లెందుకు పట్టింది?"

"ఎవ్వర్నీ అడగకపాయె. రాజు కొడుకాయె, అడుగుతె నామోషి." నారమ్మ ఉల్లిగడ్డ చితకగొట్టింది. "నేను గుడ అప్పుడు సోంచాయించలె, అంత ఆలోచనే లేదు. నువ్వు నిద్రపోతె చాలనుకున్న."

అప్పుడే గట్టు మీద సైకిల్ ఆగింది. సదాశివ. జవాబు చెప్పకముందే పిల్లవాడు పిల్ల ఎదుటికి రావడం మర్యాద కాదు. రామ్‌కిషన్ ముఖం చిట్లించాడు. కానీ ఎల్లామాస. "రా, తిను," అనక తప్పలేదు.

సదాశివ కూర్చున్నాడు, రొట్టె ముట్టలేదు. మనోరమ వైపు తిరిగాడు.

"మొన్న తప్పు చెప్పిన. బస్టాండ్ల కంట్రోలర్‌ని అడిగిన. మన దిక్కు బస్సయితే రెండు దినాలు సరిపోతయి. బీదర్ దిక్కు ఎక్కితే కన్నడపోళ్లతోని అడిగియ్యాలె, మూడు దినాలు. రైలెక్కితే స్టేషన్ మాస్టర్ అన్ని స్టేషన్లకు తార్ కొడతనన్నడు, అయినా నాలుగు. షోలాపూర్ పోయే లారీ డ్రైవర్లకు గుడ చెప్పి పెట్టిన. మొత్తం అయిదు అనుకో."

రామ్‌కిషన్ నోరు తెరిచాడు. "పిల్ల ఇంట్లనే ఉన్నది గదయ్యా! డ్రైవర్లకు ఏమని చెప్పినవు?"

"ఇంకా తప్పిపోలేదు, తప్పిపోతే చెప్త అన్న."

నారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనోరమ నవ్వలేదు. ఈ నాలుగు రోజులు తను అతన్ని తిట్టుకుంటూ గడిపింది. అతను షెడ్డు వదిలి బస్టాండుకు, స్టేషనుకు తిరిగాడు. ఆమె ప్రశ్నను ఇంతవరకు ఎవరూ పనిగా తీసుకోలేదు. ఆమె కూడా తీసుకోలేదు.

"అయిదో దినం గుడ దొరకకపోతే?" అంది.

"అది ఎరుక లేదు. అప్పటి సంది రోజొక ఊరు అడుగుడే. ఎన్ని ఊర్లో ఇప్పుడు చెప్తె అబద్ధమైతది."

మనోరమ అతని రొట్టె మీద భజ్జి వేసింది. తండ్రి పక్కకు వెళ్లి చెవిలో ఏదో చెప్పింది.

"అమాస పూట మంచి మాట చెప్పొద్దు బిడ్డా," అన్నాడు రామ్‌కిషన్. గుసగుస అతనికి చేతకాదు. "తెల్లారి చెప్దాం."

చేను ఆ చివరి దాకా వినిపించింది. సదాశివ చేతిలోని రొట్టె ముక్క నోటిదాకా పోయి ఆగింది.

"నువ్వేం వినలేదు బిడ్డా," అంది నారమ్మ. "తిను."

"వినలేదవ్వా," అన్నాడు సదాశివ. ఇంకో రొట్టె అడిగాడు.