గురువారం సంఘం విసనకర్రలు

గాలి ముందు వస్తుంది. ఆవిడ తర్వాత వస్తారు.

పిప్పరమెంటు వాసన, మెడకు రాసుకున్న పౌడరు వాసన, పాత అట్ట వాసన... మూడూ కలిసిన గాలి. విసనకర్ర గాలి.

కళ్ళు మూసుకుని ఉన్నా చెప్పేస్తాను — మిసెస్ గాడ్సన్ వచ్చారని.

అమెరికా దక్షిణాన, సవానా ఊళ్ళో జూన్ నెల. కిటికీ బయట అంజూర చెట్టు. ఒక్క ఆకు కదలదు. చిత్తడి నేలల మీంచి ఉప్పు వాసన వస్తుంది గాని గాలి రాదు. లైబ్రరీలో పాత కాగితాల గదిలో మాత్రం చలి. కాగితాలు పాడవకూడదని ఏడాది పొడుగునా చల్లగా ఉంచుతారు. నేను స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను. తొంభై మూడేళ్ళ ఆవిడ మాత్రం ఆ చలిలో కూడా విసురుకుంటూనే ఉంటారు.

"చలేయట్లేదా, మేడమ్?" అంటాను.

"గాలి కోసం కాదు మిస్ లాటిమర్, చెయ్యి ఊరుకోదు," అంటారు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ వీధిలో ఉత్తరాలు పంచాను. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక, ఈ గదిలో పెట్టెలు సర్దడానికి వస్తున్నాను. జీతం లేదు. కబుర్లున్నాయి.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడకు వచ్చిన ప్రతి కవరు మీదా ఒకటే మాట. మిసెస్ జె. టి. గాడ్సన్.

జె. టి. అనేది ఆవిడ భర్త పేరు. ఆవిడ పేరేమిటో నాకు తెలియదు. వీధిలో ఎవరికీ తెలియదు. ప్రతి క్రిస్మస్‌కూ గుమ్మంలో నిలబడి అడిగేదాన్ని. ప్రతి క్రిస్మస్‌కూ ఒక కేకు ముక్క నా చేతిలో పెట్టి, తలుపు వేసుకునేవారు.

కేకు బాగుండేది. పేరు మాత్రం రాలేదు.

పేరు దాచుకోవడం ఆవిడ ఒక్కరి పని కాదు. అది ఒక సంఘం పని. గురువారం సంఘం.

గురువారం ఎందుకంటే — ఈ ఊళ్ళో తెల్లవాళ్ళ ఇళ్ళలో వంట చేసే మా నల్లజాతి ఆడవాళ్ళకు అప్పట్లో గురువారం మధ్యాహ్నమే సెలవు. వంటవాళ్ళు, చాకిరేవు వాళ్ళు, బడిపంతులమ్మలు, ఒక మంత్రసాని. నలభై ఒక్క మంది. చర్చి వెనక గదిలో కూడేవారు. పాఠాలు చదివేవారు, కుట్లు కుట్టేవారు, ఓటు హక్కు కోసం ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్ళాలో మాట్లాడుకునేవారు. అన్నిటికన్నా ఎక్కువగా నవ్వేవారు.

ఆ రోజుల్లో మమ్మల్ని "మిసెస్" అని పిలవాలంటే తెల్లవాళ్ళకు నోరు పెగిలేది కాదు. దుకాణంలో మీసం రాని కుర్రాడు కూడా మా అమ్మమ్మ వయసు మనిషిని పేరుపెట్టి పిలిచేవాడు. పేరు తెలిస్తేనే కదా పిలుస్తాడు?

అందుకని దాచేశారు.

సంఘంలో చేరిన రోజు కొత్త సభ్యురాలు తన పేరు ఒకే ఒక్కసారి చెప్పాలి. అదీ విసనకర్ర అడ్డం పెట్టుకుని, మినిట్స్ పుస్తకం రాసే ఆవిడ చెవిలో. ఆపైన ఏ కాగితం మీదా రాయకూడదు. బయట ఎవరి ముందూ అనకూడదు. ఎవరిదైనా పేరు నోరు జారిందా — జారిన నోటికి జరిమానా. వచ్చే గురువారానికి ఒక పౌండ్ కేకు తేవాలి. పౌండు వెన్న, పౌండు చక్కెర, పౌండు పిండి, పౌండు గుడ్లు. తగ్గించడానికి వీల్లేదు.

ఒక కేకు నా వల్ల వచ్చింది.

నాకప్పుడు ఆరేళ్ళు. ఈస్టర్ పండక్కి తెల్ల బూట్లు కొనడానికి అమ్మ తీసుకెళ్ళింది. దుకాణంలో కుర్రాడు బిల్లు పుస్తకం తీసి, "నీ పేరేంటి?" అన్నాడు.

"మిసెస్ లాటిమర్," అంది అమ్మ.

"అది కాదు. పేరు."

అమ్మ పలకలేదు. బూట్ల వంక చూస్తూ నిలబడింది. అమ్మకు గుర్తు రాలేదేమో అనుకున్నాను. సాయం చేద్దామనుకున్నాను.

"ఇడెల్లా," అన్నాను గట్టిగా.

"ఇడెల్లా," అన్నాడు వాడు నవ్వి. "పిల్లని కాలు ఇటు పెట్టమను, ఇడెల్లా."

ఆ వీధిలో వెళ్ళిన ప్రతిసారీ వాడు దుకాణం అరుగు మీంచి అలాగే పిలిచేవాడు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వారం కేకు చేసింది. బస్సులో నా ఒళ్ళో పెట్టింది. వెచ్చగా ఉంది. సంఘంలో అందరూ వేళ్ళు నాక్కుంటూ తిన్నారు, ఎందుకు తెచ్చావని ఒక్కరూ అడగలేదు. అది జరిమానా కేకని నాకు అర్థం కావడానికి పదేళ్ళు పట్టింది.

ఆ పేరు నేను పారేశాను. అరవై ఏళ్ళుగా అది నాలో ముల్లులా ఉంది.

సరే. పెట్టె సంగతి చెప్తాను.

మిసెస్ గాడ్సన్ తన మంచం కిందనుంచి తీసి లైబ్రరీకి ఇచ్చిన పెట్టె అది. ఏడు మినిట్స్ పుస్తకాలు. నలభై ఒక్క విసనకర్రలు — అట్టకు చెక్క పుల్ల అతికించినవి, శవపేటికల దుకాణం వాళ్ళు చర్చికి ఉచితంగా పంచినవి. చర్చి మెట్ల మీద నలభై ఒక్క మందీ నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి. అందరికీ టోపీలు. అందరి చేతుల్లో విసనకర్రలు.

విసనకర్రల వెనక పెన్సిల్ రాతలు. పాస్టరు గారి ఉపదేశం సాగుతుండగా వరసల్లో చేతులు మారిన రాతలు.

"ఈయన ఇప్పుడే నోవహు పడవ ఎక్కాడు. మనం ఇంటికెళ్ళేసరికి చీకటే."

"మూడో వరస టోపీ చూడు. అందులో కోడి గుడ్లు పెట్టొచ్చు."

"నాకు మళ్ళీ నెల తప్పింది. నవ్వావంటే చంపుతా."

అవి చదివి, ఆ గది చూసుకునే అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. కెండ్రా టాల్బట్. అట్లాంటా పిల్ల, ఇరవై తొమ్మిదేళ్ళు, పాత కాగితాల చదువు చదివింది. ఈ ఊరి ఆడవాళ్ళ బతుకుల కాగితాలన్నీ ఒకచోట చేర్చాలని ఇంటింటికీ తిరిగేది తనే. ఆ పెట్టెతో పైఅంతస్తు హాల్లో ప్రదర్శన పెడుతోంది.

తనకు కావలసింది ఒకటే. ఫోటోలో ఉన్న వాళ్ళ పేర్లు. సొంత పేర్లు.

పెట్టె ఇచ్చిన రోజు మిసెస్ గాడ్సన్‌తో ఒక ఫారం నింపించారు. ఇంటిపేరు దగ్గర గాడ్సన్ అని రాశారు. మొదటి పేరు దగ్గర కాసేపు ఆగారు. "మిసెస్" అని రాశారు.

"మేడమ్, పుస్తకం రాసింది మీరేనట. నలభై మంది పేర్లూ మీకు తెలుసు. మీరు చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళు లేరు," అంది కెండ్రా.

"అందుకే కదమ్మా మిస్ టాల్బట్, నా చెవిలో వేసింది. చెప్పనని."

నవ్వుతూనే అన్నారు. కాని విసనకర్ర వేగం పెరిగింది. వేగం పెరిగిందంటే మాట అయిపోయినట్టు.

నాకు దిగులు పుట్టింది. తొంభై మూడేళ్ళు. ఆవిడతోపాటు నలభై పేర్లు. ఒట్టు నిలబెట్టుకుంటే పేర్లు పోతాయి... పేర్లు నిలబెడితే ఒట్టు పోతుంది.

ప్రదర్శనకు వారం ముందు శనివారం, "ఊరికే చూద్దురుగాని రండి," అని పైకి, కెండ్రా పని చేస్తున్న హాల్లోకి తీసుకెళ్ళాను.

గోడంతా ఫోటోలే. ఒక్కొక్క ముఖాన్ని పెద్దది చేసి పెట్టింది కెండ్రా. కింద పేరు చీటీలు, మినిట్స్ పుస్తకాల్లోనూ చర్చి రిజిస్టర్లోనూ దొరికినట్టుగా.

మిసెస్ రాబర్ట్ హిల్. మిసెస్ ఎజకీల్ ఫ్రేజియర్. మిసెస్ క్లారెన్స్ బోయెన్. మిసెస్ ఆమోస్ లాటిమర్.

ఆవిడ మొదటి చీటీ నుంచి చివరి చీటీ దాకా నడిచారు. మళ్ళీ వెనక్కి నడిచారు.

"మిస్ టాల్బట్. ఇది గురువారం సంఘమేనా? మగాళ్ళ సంఘంలా ఉందే."

విసనకర్రతో గోడ చూపించారు.

"ఫోటోలో ఒక్క మగాడు లేడు. గోడ మీద అందరూ వాళ్ళే. ఈ రాబర్ట్ హిల్ ఒక్క గురువారం వచ్చి ఒక్క కుర్చీ మోసిన పాపాన పోలేదు. ఇప్పుడు గోడెక్కి కూర్చున్నాడు చూడు, దర్జాగా."

నాకు నవ్వాగలేదు. ఆవిడకూ ఆగలేదు. టోపీ పక్కకు జరిగేదాకా నవ్వారు.

తర్వాత కుర్చీ అడిగి కూర్చున్నారు.

"వాళ్ళ పేర్ల వెనక దాక్కున్నాం మేము. దాగుడుమూతల్లో దాక్కున్నట్టు. కాని ఆట అయిపోయిందని మాకెవరూ చెప్పలేదు తల్లీ. అందరూ అక్కడే ఉండిపోయారు."

కెండ్రా ఆవిడ ముందు నేలమీద కూర్చుంది. నెమ్మదిగా అంది.

"మిసెస్ తీయను, మేడమ్. మిసెస్ ఉంటుంది. పక్కనే వాళ్ళ సొంత పేరు ఉంటుంది. ఆ పక్కన ఇంటిపేరు."

"రెండూనా?"

"రెండూ."

"మిసెస్... ఆ పక్కన పేరు. ఒకే చీటీ మీద."

"అవును మేడమ్."

విసనకర్ర ఆగింది.

ముప్పై ఒక్క ఏళ్ళలో అది ఆగగా నేను చూడలేదు. కిటికీ బయట అంజూర చెట్టు మీద పిట్టలు పండు కోసం కొట్టుకుంటున్నది వినిపించింది.

"ఆ రెండూ ఒకచోట మాకెవరూ ఇవ్వలేదు," అన్నారు. "పేరు ఇస్తే మర్యాద పోయేది. మర్యాద కావాలంటే పేరు పోయేది."

కెండ్రా వైపు వంగారు.

"చెవి ఇటు పెట్టు."

సంఘం పద్ధతిలోనే. విసనకర్ర అడ్డం పెట్టుకుని. ఒక్కొక్కటీ ఒకే ఒక్కసారి.

మధ్యాహ్నమంతా పట్టింది. ఒక పేరు. ఒక నవ్వు. ఒక పేరు. "ఈమె చేతి బిస్కట్లు తింటే దంతాలు రాలేవి, దేవుడు చల్లగా చూడాలి." ఒక పేరు. "ఈమె మొట్టమొదట ఓటు వేసిన రోజు కొత్త గౌను కుట్టించుకుంది." పేరు చెవిలో. కబురు పైకి. కెండ్రా రాస్తోంది, ముక్కు తుడుచుకుంటోంది, నవ్వుతోంది, మళ్ళీ రాస్తోంది.

మా అమ్మ ముఖం దగ్గర ఆవిడ నా వంక చూశారు. విసనకర్ర దించారు. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో, చర్చిలో పేరు చదివినట్టు చదివారు.

"మిసెస్ ఇడెల్లా లాటిమర్."

నేను ఏడ్చాను. సిగ్గుపడలేదు. హాయిగా ఏడ్చాను.

నలభై పేర్లయ్యాయి. నలభై ఒకటో ముఖం ఆవిడదే. ముప్పై రెండేళ్ళ ముఖం, తల కాస్త పైకెత్తి.

"ఇది?" అంది కెండ్రా.

"ఇది జె. టి. గారి భార్య," అన్నారు ఆవిడ లేస్తూ. "అమ్మో. నలభై పేర్లు నోరు జారాయి. నలభై కేకులు. ఈ వయసులో పిండి ఎవరు కలుపుతారు?"

జోకుగానే అన్నారు. మెట్లు దిగుతూ ఇంకోసారి అన్నారు. అప్పుడు జోకులా లేదు. ఒట్టు తప్పిన మనిషి గొంతు అది.

ఆ వారం నేను మళ్ళీ ఉత్తరాలు పంచాను.

ఎవరి కూతురు ఏ వీధిలో ఉంటుందో, ఎవరి మనవరాలు ఏ పేటకు మారిందో నాకు కాక ఇంకెవరికి తెలుసు? ముప్పై ఆరు గుమ్మాలు, మా గుమ్మం కాక. వెనక ఎవరూ మిగలని ముగ్గురి కోసం చర్చిలో అడిగాను. ప్రతి గుమ్మంలో ఒకటే మాట. మీ అమ్మ పేరు చెప్పినందుకు కేకు బాకీ మిసెస్ గాడ్సన్ మీద పడింది... తీరుద్దామా?

ఆదివారం. చర్చి వదిలాక ప్రదర్శన.

హాలు తలుపు తీసేసరికి వెన్న వాసన.

ముందు హిల్ వాళ్ళ కూతురు, కేకు మీద తెల్ల గుడ్డ కప్పుకుని. వెనక ఫ్రేజియర్ మనవరాళ్ళు ముగ్గురు, ఒకే కేకు కోసం ముగ్గురూ పోట్లాడుకుంటూ. బోయెన్ వాళ్ళ కోడలి కేకు మధ్యలో కూలిపోయింది, అయినా తల ఎత్తుకునే తెచ్చింది. బల్లలు చాలలేదు. కెండ్రా కాగితాల బల్ల మీదికి కేకు రానివ్వనని రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. కిటికీ గట్ల మీద పెట్టాం. అమ్మ కేకు నేను చేశాను. బస్సులో ఒళ్ళో పెట్టుకునే తెచ్చాను. వెచ్చగానే ఉంది.

గోడ మీద కొత్త చీటీలు. జనం పైకి చదువుతున్నారు. మిసెస్ ఆర్నెట్టా హిల్. మిసెస్ డ్రుసిల్లా ఫ్రేజియర్. మిసెస్ జెనోబియా బోయెన్. మా అమ్మ పేరు ఏడుగురి నోట విన్నాను. ఎవరూ అరుగు మీంచి పిలిచినట్టు పిలవలేదు.

మిసెస్ గాడ్సన్ కేకుల వంక చూశారు. మనుషుల వంక చూశారు. ఒక కేకు మీద గుడ్డ ఎత్తి వాసన చూశారు.

"చక్కెర తగ్గించినవాళ్ళెవరో నాకు వాసనకే తెలుస్తుంది," అన్నారు చివరికి. హాలంతా గొల్లుమంది.

నేను కేకులు లెక్కపెట్టాను. నలభై. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై.

అప్పుడు చూశాను, ఆవిడ ఒళ్ళో చిన్న రేకు డబ్బా. క్రిస్మస్ డబ్బా. మూత సందులోంచి వెన్న వాసన.

"ఇదెవరిది, మేడమ్?"

"నాది. పొద్దున్నే లేచి చేశాను. నా చేత్తో."

"మీ నలభై కేకులూ వచ్చేశాయి కదా. ఇది దేనికి?"

నలభై ఒకటో ముఖం కింద చీటీలో మిసెస్‌కూ గాడ్సన్‌కూ మధ్య కెండ్రా కాస్త ఖాళీ వదిలింది. ఆవిడ దాని వంక చూశారు. తర్వాత నా వంక.

"మిస్ లాటిమర్. ముప్పై ఒక్క క్రిస్మస్‌లు అడిగావు కదూ," అన్నారు. డబ్బా తీసి నా చేతుల్లో పెట్టారు. వేలితో దగ్గరికి పిలిచారు.

వంగాను.

విసనకర్ర పైకి లేచింది, మా ఇద్దరికీ లోకానికీ మధ్య. కిటికీ బయట అంజూర ఆకు ఒకటి కదిలినట్టుంది.

పిప్పరమెంటు. పౌడరు. పాత అట్ట...

గాలి ముందు వచ్చింది.