చెయ్యెత్తితే ఆగాలి

పెద్ద డాక్టరమ్మకు కాలు ఒకచోట నిలవదు. ఐసీయూలో అందరూ కలిసి ఆవిడకు సుడిగాలి అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, తెలిసినట్టు ఎప్పుడూ బయటపడలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆవిడ తిరుగుడు చూసి నర్సులే గోడకు అంటుకుని దారిచ్చారు. ఐసీయూ తలుపు దగ్గర్నుంచి వరండాలో బెంచీల దాకా, అక్కణ్నుంచి మళ్లీ తలుపు దాకా. బెంచీ మీద బస్సు డ్రైవరు భార్య కూర్చుని ఉంది. ఆమెకో మాట చెప్పాలి. బెంచీ దాకా వెళ్లడం, చెప్పకుండానే వెనక్కి తిరగడం.

అసలు కథ బొమ్మ దగ్గర మొదలైంది. రాబోయే కాలానికి డాక్టర్లను తయారు చేసుకోవాలని పట్టుబట్టి, ఆస్పత్రి పెద్ద సారు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ఆవిడ ఒక శిక్షణ గది సాధించింది. అందులో మంచం, మానిటర్లు, మంచం మీద నిలువెత్తు రబ్బరు మనిషి. పిల్ల డాక్టర్లు దానికి తాతయ్య అని పేరు పెట్టారు. తాతయ్య ఊపిరి ఎగబీలుస్తాడు, రంగు మారతాడు, ఉన్నట్టుండి గుండె ఆపేసుకుంటాడు. ఎన్నిసార్లు పోయాడో, ఎన్నిసార్లు తిరిగొచ్చాడో ఆయనకే తెలియాలి. మంచం పక్కన కొత్త తెర ఒకటి. రోగి ఒంట్లోంచి వచ్చే అంకెలన్నీ చదివి, ఇప్పుడిది చెయ్యండి అని సలహా చెప్పే యంత్రం. ఇక ముందంతా దీని రాజ్యమే అంటున్నారు. కావచ్చు. అంతమాత్రాన అదేమన్నా దేవుడా, తప్పు చెప్పదా?

అందుకే ఆవిడ ఒక నియమం పెట్టింది. యంత్రం చెప్పింది మీ బుర్రకు ఎక్కకపోతే చెయ్యెత్తండి. ఎత్తింది నిన్నగాక మొన్న చేరినవాళ్లయినా సరే, గదిలో ఎక్కడివాళ్లు అక్కడ ఆగాలి. అనుమానం తేల్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఆగనివాళ్లకు చీవాట్లు తప్పేవి కావు. డాక్టర్లకూ నర్సులకూ, ఆఖరికి ఆవిడకూ అది ఒంట్లో ఇంకిపోయింది. పెద్ద సారు నలుగురినీ వెంటబెట్టుకొచ్చి చూపించి మురిసిపోయాడు కూడా.

అందరికంటే బాగా నేర్చుకుంది ఆవిడ మేనకోడలు, అన్నయ్య కూతురు. ఇంట్లో అత్తా, ఆస్పత్రిలో మేడమ్. చిన్నప్పుడు అత్త స్టెతస్కోపు మెడలో వేసుకుని పిల్లిని పట్టుకుని పరీక్షలు చేసిన పిల్ల. ఆ వారమే ఆమెకు మొదటిసారి ఐసీయూ బాధ్యత అప్పగించారు.

ఆ పొద్దున ఐసీయూలో ఉన్న బస్సు డ్రైవరు గుండె ఆగింది. మేనకోడలు తడబడలేదు. ఒకరు ఛాతీ నొక్కుతున్నారు, ఒకరు గాలి అందిస్తున్నారు, నర్సు మందు ఎక్కిస్తోంది. అచ్చం తాతయ్య దగ్గర చేసినట్టే. పెద్ద డాక్టరమ్మ గ్లౌజులు తొడుక్కుంటూ అప్పుడే లోపలికొచ్చింది. యంత్రం తెర మీద గుండెకు కరెంటు షాక్ ఇవ్వండి అని పడింది. మానిటర్ మీద గీత చూస్తే మేనకోడలికి అలా అనిపించలేదు. ఆ అనుమానం సరైనదేనని తర్వాత తేలింది, అది వేరే సంగతి. అప్పటికి మాత్రం నేర్చుకున్నట్టే చెయ్యెత్తింది.

అందరూ ఆగిపోయారు.

ఛాతీ మీది చేతులు ఆగాయి. గాలి అందించే చేతులు ఆగాయి. సిరంజి ఆగింది. తలుపు దగ్గర పెద్ద డాక్టరమ్మ కూడా సగం తొడిగిన గ్లౌజుతో, ఆ అనుమానమేమిటో విందామని బుద్ధిగా ఆగింది. తాతయ్య అయితే ఎంతసేపైనా ఓపిక పడతాడు. మంచం మీద ఉన్నది తాతయ్య కాదు. కాసేపటికి గానీ అది ఆవిడకు తట్టలేదు. నొక్కండి అని అరిచిన అరుపుకు గొంతు బొంగురుపోయింది.

గుండె మళ్లీ కొట్టుకుంది. మనిషి మాత్రం కళ్లు తెరవలేదు.

పెద్ద సారు తన గదిలోకి పిలిచి, గుండె తెప్పించారుగా, ఇంకేం కావాలి అన్నాడు. లేవకపోతే ఆ కాస్త ఆగడం వల్లే అని ఎవరు చెప్పగలరు, జబ్బే అలాంటిది అన్నాడు. నోరు జారితే శిక్షణ గది మూతపడుతుంది, మీ అన్నయ్య కూతురి బతుకు మొదట్లోనే బుగ్గిపాలవుతుంది, మీ ఇష్టం అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆవిడకు ఒళ్లు మండింది అందుకే. మేనకోడలేమో డ్రైవరు మంచం పక్కనుంచి లేవడం లేదు. వాళ్లావిడతో నేనే చెప్పేస్తానత్తా అంది. ఆస్పత్రిలో అత్తా అనడం అదే మొదలు. నోరు మూసుకుని ఉన్నచోటే ఉండు అని కసిరి, ఆవిడ వరండాలోకి వచ్చిపడింది.

అప్పట్నుంచీ ఇదే తిరుగుడు. చెబితే పిల్ల ఏమైపోతుందో. చెప్పకపోతే రేపు ఆ గదిలో ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పాలో. తిట్టుకోవడానికి కూడా తను తప్ప ఇంకెవరూ దొరకలేదు.

చివరికి డ్రైవరు భార్యే లేచి ఎదురొచ్చి డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకుంది. మీరు సమయానికి రాకపోతే మా ఆయన దక్కేవాడు కాదటమ్మా, మీ మేలు చచ్చినా మర్చిపోను అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్ద డాక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంక దాచడం తన వల్ల కాలేదు. ఆమెను కూర్చోబెట్టి, బొమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. ఆగకూడని చోట ఆగామంది. దానివల్ల ఎంత నష్టమో ఇప్పుడే తెలియదంది, అసలు జరగకపోనూవచ్చంది.

డ్రైవరు భార్య చేతులు వదిలేసింది.

"ఇప్పుడు ఆయన దగ్గర ఎవరున్నారు?" అంది.

"ఆ అమ్మాయే."

"ఆమెను పంపించెయ్యండి. మీరుండండి."

"నేనూ ఆగానమ్మా."

"అయితే ఆగనివాళ్లను ఎవర్నైనా పెట్టండి. ఇంత పెద్ద ఆస్పత్రిలో ఒక్కరు లేరా?"

పెద్ద డాక్టరమ్మ తల వంచుకుంది. "లేరు. అందరికీ నేనే నేర్పాను."

డ్రైవరు భార్య అరచేత్తో మొహం తుడుచుకుని లేచింది. నేరుగా ఐసీయూ తలుపు వైపు నడిచింది. బయటివాళ్లు లోపలికి రాకూడదని సెక్యూరిటీ అతను అడ్డమొస్తే, పెద్ద డాక్టరమ్మ అతన్ని జరగమని తనే తలుపు తీసి పట్టుకుంది. లోపల మేనకోడలు గబుక్కున కుర్చీలోంచి లేచి నిలబడింది. డ్రైవరు భార్య ఆమె వైపు చూడలేదు. ఆ కుర్చీలో కూర్చుని, మొగుడి ఛాతీ మీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే ఉంచింది.