పోటీ లేని ఊరు

సర్పంచ్ సీటు మహిళలకు వచ్చిందని తెలిసిన రోజే అనంతయ్య కోడలిని అడిగాడు. "నిలబడ్తవా బిడ్డా?"

నవనీత డిగ్రీ చదివింది. పింఛన్ రాని ముసలివాళ్లను వెంటబెట్టుకుని మండలాఫీసుకు పోయేది ఆమే. "నిలబడ్త మామా. గెలుస్త గూడ," అంది.

వాళ్లది గొర్ల కాపరుల ఇల్లు. బషీరాబాద్ మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరి ఊరు. అనంతయ్య వయసులో ఉన్నప్పటి నుంచీ ఒకే పార్టీ జెండా మోశాడు. ఒక ఎలక్షన్లో బాలప్ప మనుషులు కొడితే చెయ్యి విరిగింది. బాలప్ప అవతలి పార్టీవాడు, ఊళ్లో పెద్ద రైతు. ఈసారి తన భార్యతో నామినేషన్ వేయించాడు.

నవనీత కూడా వేసిన మర్నాడు, పార్టీ నాయకుడు ధనరాజ్ తాండూరు రమ్మని ఫోన్ చేశాడు. అనంతయ్య సంబరంగా ఆటో ఎక్కి పోయాడు. ధనరాజ్ పప్పుల దుకాణం వెనక గదిలో బాలప్ప కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"రా అనంతయ్యా, కూసో," అన్నాడు ధనరాజ్. "మీ ఊరు ఏకగ్రీవం చేస్తున్నం. కోడలితోని నామినేషన్ వాపస్ తీపియ్యి."

"ఆమె మన పార్టీ మనిషి గద సేటూ?"

"సర్పంచ్ ఓట్లల్ల పార్టీ ఏడిది? వార్డులు చెరి సగం. ఎంపీటీసీకి మనకు అడ్డం రానన్నడు బాలప్ప. మాట అయిపోయింది."

"మరి నా చెయ్యి ఎవరి కోసం ఇరిగింది సేటూ?"

ధనరాజ్ ఫోన్ చూసుకున్నాడు. బాలప్పే మాట్లాడాడు. "పాతయి ఎందుకు తవ్వుతవ్? చాయ్ తాగు."

తాగకుండానే లేచొచ్చాడు అనంతయ్య. సంగతి విని నవనీత, "ఓడిపోతే ఓడిపోత. ఓట్లే లేకుండ చేస్తమంటే ఎట్ల? నేను తియ్య," అంది. అనంతయ్యకు ఛాతీ ఉప్పొంగింది.

కోత అయిన చేన్లో గొర్ల మంద ఆపితే పెంట పడి నేలకు బలం. రైతులే పిలిచి ఆపించుకుంటారు. ఆ పొద్దుగూకే యాళ్లకు ఒక రైతు వచ్చాడు. మంద అతని చేన్లోనే ఉంది.

"తప్పు వట్టకు అన్నా. పొద్దుగాల మంద లేపు."

"ఎందుకురా?"

"బాలప్ప ట్రాక్టర్ లేకుంటే నా చేను దున్నుడెట్ల?"

తర్వాత ఏ చేనూ దొరకలేదు. బోర్ల దగ్గర గొర్లకు నీళ్లు కూడా పట్టనివ్వలేదు. అనంతయ్య కొడుకు, నవనీత భర్త అంజి మందను తాండూరు రోడ్డు పక్కన మేపుతుంటే నాపరాళ్ల లారీ మీదికొచ్చింది. గొర్లు చచ్చాయి. అంజి కాలు నలిగింది.

ఆస్పత్రి వరండాలో అత్త సుమిత్రమ్మ ఏడుస్తోంది. అనంతయ్య కోడలి దగ్గరికి వచ్చి తల వంచుకున్నాడు.

"తీసెయ్ బిడ్డా."

"నిలబడుమన్నది మీరే మామా."

"అవ్, నేనే. తియ్యమంటున్నది గూడ నేనే. వీడు బతికిండు, గంతే చాలు."

నవనీత లేచింది. వెళ్లి వాపస్ కాగితం మీద సంతకం పెట్టి వచ్చింది.

ఆ సాయంత్రం ఊళ్లో డప్పులు మోగాయి. ధనరాజ్, బాలప్ప ఒకే జీపులో దండలేసుకుని తిరిగారు. నవనీత ఇంట్లో అన్నీ చేస్తూనే ఉంది గాని, మామతో మాట్లాడటం మానేసింది.

పోలింగ్ రోజున అనంతయ్య మిగిలిన గొర్లను యాలాల్ వైపు తోలుకుపోయాడు. దారిలో ఒక ఊరి బడి ముందు జనం బారు కట్టి నిలబడ్డారు. పరిచయస్తుడు నర్సప్ప సిరా గుర్తున్న వేలు చూపిస్తూ ఎదురొచ్చాడు.

"మీ ఊర్ల గూడ ఇయాల్నేనా ఓట్లు?"

"మా ఊర్ల లేవు."

"ఏకగ్రీవమా? మంచిగున్నరు పో. లొల్లి లేదు."

అనంతయ్య, వరస కదలి, ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని లోపలికి పోయేదాకా చూస్తూ నిలబడి, తర్వాత మందను అదిలించాడు.