కులాసా అన్న ఒక్క మాట

2004 సెప్టెంబరు 18, శనివారం ఉదయం పదిన్నరకు, ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్ శివారులోని మా స్థానిక చరిత్ర కమిటీ హాలుకు వచ్చినవారు, వచ్చిన క్రమంలో: కార్యదర్శినైన చలపతి అనే నేను, అధ్యక్షులు విట్‌లాక్ గారు, కేర్ హోమ్ మేనేజర్ మిసెస్ పెల్హామ్, కెనడాలోని క్యుబెక్ నుంచి వచ్చిన మదామ్ బూషార్, అందరికన్నా చివర, పది నిమిషాలు ఆలస్యంగా, రాచెల్. ఆ ఆలస్యాన్ని కూడా నేను కాగితం మీద గుర్తుపెట్టుకున్నాను. ఆ రోజుల్లో ఆమె చేసిన ప్రతి పనీ గుర్తుపెట్టుకోదగినదిగానే నాకు తోచేది.

యుద్ధకాలంలో, 1942 నుంచి రెండేళ్ళపాటు, మా ఊరి పొలాల్లో ఒక కెనడా ఫిరంగి రెజిమెంటు విడిది చేసింది. చుట్టూ ఉన్న సైన్యమంతా ఇంగ్లీషులో నడుస్తుంటే ఆ దళం మాత్రం ఫ్రెంచిలో నడిచేది. గురి చెప్పినా, గుండు వేయమన్నా, తిట్టుకున్నా ఫ్రెంచే. 1944 వేసవిలో నార్మండీకి తరలిపోతూ, శిక్షణకు వాడిన ఒక ఫిరంగిని వారు మా హాలు ముందు వదిలి వెళ్ళారు. ఆ రెజిమెంటు చరిత్రను పుస్తకంగా తేవాలన్నది మా కమిటీ సంకల్పం. ఆ దళంలోనే పనిచేసిన ఒక సైనికుడి కుమార్తె మదామ్ బూషార్. ఆమె అక్కడ, మేము ఇక్కడ, సామగ్రి సేకరిస్తూ వచ్చాము.

మా సామగ్రిలో ముఖ్యమైనది లూసియాన్ గాన్యో గారి పుస్తకం. ఆయన ఆ దళంలో ఒక ఫిరంగికి నాయకుడు. యుద్ధం ముగిశాక ఇక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకొని ఇక్కడే ఉండిపోయారు. ఎనభై నాలుగో ఏట పక్షవాతం వచ్చి ఆయన ఇంగ్లీషును ఊడ్చుకుపోయింది. మిగిలిన మాటలు ముద్దముద్దగా ఉండేవి. విట్‌లాక్ గారి బడిచదువు ఫ్రెంచికి అవి అందలేదు. అర్థంలేని శబ్దాలని డాక్టరు రాశారు. ఆగస్టులో రెండోసారి పక్షవాతం రావడంతో ఆ శబ్దాలూ ఆగిపోయాయి. ఆ వారమే ఆయన ఎర్ర అట్ట పుస్తకం, ఏ రోజున ఎన్ని గుండ్లు, ఎవరి చేతి మీదుగా పేలాయో రాసుకున్న అరచేతి పుస్తకం, మిసెస్ పెల్హామ్ కేర్ హోమ్‌లోని ఆయన గదిలో లేదని బయటపడింది.

ఆయనను చూసుకునే కేరర్ రాచెల్. గుంటూరు వైపు మనిషి, రెండేళ్ళ క్రితం వర్క్ పర్మిట్ మీద వచ్చింది. ప్రతి గురువారం ఆయనను చక్రాల కుర్చీలో మా హాలుకు తెచ్చి, ఫిరంగి పక్కన నిలిపి, టీ తేవడానికి లోపలికి వచ్చేది. వారిద్దరూ ఏదో అనుకొని పగలబడి నవ్వుకోవడం నేను కిటికీలోంచి చూశాను. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు అంతగా నవ్వుకుంటే, ఆ నవ్వుకు కారణం ఉండాలి కదా అని నా అనుమానం.

ఆగస్టు చివర ఎర్ర అట్ట పుస్తకం కోసం వెతికితే, ఆమె లాకరులో ఒక నోటుపుస్తకం దొరికింది. అందులో పద్నాలుగు పేజీలు తెలుగు అక్షరాలు. చదివి చెప్పమని మిసెస్ పెల్హామ్ నన్ను పిలిపించారు. స్టాఫ్ రూములో రాచెల్ ఎదురుగా కూర్చున్నాను.

"మీరేనా అంకుల్ నా పేపరు దిద్దేది?" అంది. "పాస్ మార్కులైనా వేయండి."

"ఇది పరిహాసానికి సమయం కాదమ్మా. ఇది మీ చేతిరాతేనా?"

"నాదే. తాతగారు అన్నది అన్నట్టు రాసుకున్నా."

"దేనికి?"

"రోజూ అవే మాటలు అంటున్నారంకుల్. పిచ్చిమాటలైతే రోజుకో తీరుగా ఉండాలిగా. నాకు ఫ్రెంచి రాదు, ఇంగ్లీషు స్పెల్లింగుతో ఆ పలుకు రాదు. మన అక్షరాల్లోనైతే ఎట్లా పలికితే అట్లా రాయొచ్చు."

"మరి ఇక్కడ కులాస్ అని ఉందే? మన కులాసాయేనా?"

ఆమె నవ్వింది. "అది నేను నేర్పిందే. పొద్దున్నే కులాసానా తాతగారూ అని అడిగేదాన్ని. ఆయన ఎగిరి గంతేసినంత పని చేసి, కులాస్, కులాస్ అనేవారు. పాపం, సాగదీయడం మాత్రం రాలేదు."

ముప్పైయేళ్ళు బీమా కంపెనీలో నష్టపరిహార దరఖాస్తులు పరిశీలించినవాణ్ణి. తడుముకోకుండా వచ్చే జవాబును నమ్మే అలవాటు నాకు లేదు. నివేదికలో నేను రాసిన వాక్యాలివి: "లిపి తెలుగు. భాష తెలుగు కాదు. కులాసా అనే మాట తప్ప అర్థవంతమైన పదం ఒక్కటీ లేదు. రహస్య సంకేతం అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేను." మొదటి మూడు వాక్యాలూ నా కంటికి కనిపించినవి. నాలుగోది ఎవరూ అడగనిది. దానిని ఆధారం చేసుకొనే మిసెస్ పెల్హామ్ ఆమెను విధుల నుంచి తప్పించారు. సోమవారం విచారణ. ఉద్యోగం పోతే వర్క్ పర్మిట్ పోతుంది. ఆమె తిరుగు ప్రయాణం కట్టవలసిందే. విచారణకు ముందు మా కమిటీ కూడా ఆమెను ఒకసారి ప్రశ్నించాలని ఆ శనివారం పిలిపించాము.

పుస్తకం ఎక్కడ అని విట్‌లాక్ గారు అడిగారు. తెలియదని రాచెల్ చెప్పింది. అటువంటి వాటి కోసం ఎగబడే సేకర్తలు ఉంటారని మిసెస్ పెల్హామ్ ఎవరినీ చూడకుండా అన్నారు. నేను నోటుపుస్తకపు నకళ్ళను బల్ల మీద పెట్టాను. మదామ్ బూషార్ వాటిని తలకిందులుగా పట్టుకొని, ఇదేమి భాష అని అడిగారు.

"ఏ భాషా కాదు," అన్నాను.

"అయితే పైకి చదవండి. వింటాను."

"నిష్ప్రయోజనం, మదామ్."

"చదవండి అంకుల్," అంది రాచెల్ తెలుగులో. "మీకు అర్థం కానక్కర్లేదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. లేచి నిలబడ్డాను. చిన్నతనంలో పద్యం అప్పజెప్పినట్టు, అక్షరం మింగకుండా, ఒత్తు జారకుండా చదివాను: "ల కార్నే రెస్త్ అవెక్ లా పియేస్. దాఁ లా కులాస్."

మదామ్ బూషార్ చేతిలోని కప్పు కింద పెట్టారు. "మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను. ఆమె కళ్ళజోడు తీశారు. "అది మా నాన్న మాటతీరు. పుస్తకం ఫిరంగి వెంటే ఉండాలి. కులాస్‌లో."

"కులాసాలోనా?" అన్నాను.

"కులాస్. గుండు పెట్టి మూసే వెనుక భాగం. మా వాళ్ళ దళంలో అది నియమం. నాయకుడు ఫిరంగిని వదిలి పోతే, పుస్తకం ఫిరంగిలో ఉంచి పోవాలి."

నిజం ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నేను మదామ్ బూషార్‌ను కూడా అనుమానించాను. ఈ ఇద్దరు స్త్రీలు ముందే కూడబలుక్కున్నారా అనుకున్నాను. ఇది అబద్ధమని అందరి ముందూ తేల్చడానికే నేను బయటికి నడిచాను. మిగిలినవారు నా వెనుక వచ్చారు.

ఆ ఫిరంగి గొట్టంలో సీసం పోసి ఉంది గాని, కూర్చున్న మనిషికి అందే ఎత్తులో ఉన్న వెనుక తలుపు మీటతో తెరుచుకుంటుంది; కిటుకు తెలిసిన చేతికి బలం అక్కర్లేదు. నెలకొకసారి దానిని తెరిచి, తుడిచి, నూనె వేసి, కార్డు మీద సంతకం చేసే బాధ్యత కమిటీ నాకు అప్పగించింది. మీట బిగుసుకుంది. రెండు చేతులా లాగాను. లోపల మైనపు గుడ్డలో చుట్టిన చిన్న పొట్లం. విప్పితే ఎర్ర అట్ట.

విట్‌లాక్ గారు పక్కన వేలాడే కార్డు వైపు చూశారు. సెప్టెంబరు నాలుగో తేదీన "తెరిచి చూడడమైనది, సక్రమం" అన్న మాటల కింద నా సంతకం ఉంది. ఆ రోజు నేను తలుపు తెరవలేదు. అంతకుముందు నెల సంతకం చేసిన రోజునా తెరవలేదు.

"అయితే నేను టీకి వెళ్ళినప్పుడు పెట్టారన్నమాట," అంది రాచెల్ మెల్లగా. "రోజూ నాకు చెబుతూనే ఉన్నారు. నేనేమో కులాసానే తాతగారూ అంటూ వచ్చా."

"మీ పొరపాటు చిన్నదమ్మా," అన్నాను.

"మీదో అంకుల్?"

లోపలికి వెళ్ళి కలం తీశాను. ఆ మధ్యాహ్నమే మిసెస్ పెల్హామ్ విచారణను రద్దు చేశారు. రాచెల్ నేరుగా గాన్యో గారి గదికి వెళ్ళి, పుస్తకం ఫిరంగిలోనే భద్రంగా ఉందని తెలుగులోనే చెప్పిందట. ఆయన ఆమె వేలు పట్టుకున్నారట.

ఆ సమావేశపు చివరి తీర్మానం నా చేతితో రాసినది. దానిని ఇక్కడ తెలుగులో ఉంచుతున్నాను:

"ఆగస్టు నివేదికలోని నాలుగో వాక్యాన్ని కార్యదర్శి ఉపసంహరించుకొని, శ్రీమతి దోనేపూడి రాచెల్‌కు క్షమాపణ చెప్పుకొన్నారు. ఫిరంగి తనిఖీ కార్డు మీద తాను చేసిన రెండు సంతకాలు సత్యం కావని అంగీకరించారు. వైద్యులూ, ఈ కమిటీ కూడా అర్థంలేనివని వదిలేసిన ఒక వృద్ధ సైనికుని మాటలను, తనకు అర్థం కాకపోయినా, అక్షరం పొల్లుపోకుండా పద్నాలుగు పేజీలలో రాసి నిలిపినది శ్రీమతి రాచెల్. ఈ రెజిమెంటు చరిత్రలో లూసియాన్ గాన్యో గారి అధ్యాయం ఆమె వల్లనే సాధ్యమైనదని ఈ కమిటీ ఏకగ్రీవంగా, కృతజ్ఞతతో నమోదు చేస్తున్నది."