గుండ్రంగా తిరిగిన పడవ

సరస్సు ఒడ్డున పడవ లైసెన్స్ కావాల్సినవాళ్ళకి భద్రతా పాఠాలు చెప్పడం ఆమె ఉద్యోగం. అందరూ పడవ టీచరమ్మ అనేవారు. లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి, ఇంజన్‌కుండే ఎర్ర తాడు మణికట్టుకి తగిలించుకోవాలి, నడిపేవాడు నీళ్ళలో పడితే ఆ తాడు ఊడి ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. నిద్రలో లేపి అడిగినా ఈ ముక్కలు గడగడా చెప్పేది. అక్క భర్త అయిన బావ దగ్గర మాత్రం అదంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

రిటైరవుతూనే బావ మోటారు పడవ కొన్నాడు. పడవ నడపాలంటే లైసెన్స్ ఉండాలన్న కొత్త చట్టం కుర్రవాళ్ళకే. ఆయన వయసువాళ్ళకి లైసెన్సూ అక్కర్లేదు, పాఠాలూ అక్కర్లేదు.

“ఒక్క పూట వచ్చి కూర్చో బావా. పరీక్ష పెట్టనులే” అని బతిమాలింది.

“పెద్దవాళ్ళకి మర్యాద ఇవ్వాలని మీ చట్టానికే తెలిసింది మరదలా, నీకింకా తెలీలేదు!” అని పకపకా నవ్వాడు.

అక్కతో మొరపెట్టుకుంటే, “ఆయన సంగతి నీకు కొత్తా? నేనూ పక్కనే ఉంటాగా” అంది.

ఆ ఆదివారం టీచరమ్మ రేవు మీద క్లాసు చెబుతుంటే వాళ్ళ పడవ ఎదురుగా వచ్చింది. బావ చెయ్యి ఊపాడు. ఆ మణికట్టుకి తాడు లేదు. ఆయన జాకెట్ అక్క వీపు వెనక దిండులా ఉంది. నెమ్మదిగా వెళ్ళమని టీచరమ్మ సైగ చేసింది. మరదల్ని ఉడికించాలనుకున్నాడో ఏమో, ఆయన పడవని విసురుగా పక్కకి తిప్పాడు. ఆ విసురుకి తనే ఎగిరి నీళ్ళలో పడ్డాడు.

పడవ ఆగలేదు. తిప్పిన వైపే ఒరిగి, ఆయన చుట్టూ గిరగిరా తిరగసాగింది. లోపల అక్క ఒక్కతే, రెండు చేతులతో అంచు పట్టుకుని ఉంది.

“ఇంజన్ తాళం తిప్పి ఆపక్కా! తాళం!” టీచరమ్మ గొంతు చించుకుంది. ఇంజన్ హోరులో అక్కకేం వినపడుతుంది? చెల్లెలు చేతులూపడం చూసి, ధైర్యం చెబుతోందనుకుని తలాడించింది. బావ పట్టుకు తేలడానికని విసిరిన రబ్బరు చక్రం సగం దూరంలోనే పడింది. ఫోన్ చేస్తే, రక్షక పడవ అవతలి గట్టు నుంచి రావాలన్నారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా ఆమె మొహంలోకే చూస్తున్నారు. పడవ మళ్ళీ చుట్టి వచ్చింది. ఈసారి బావ తప్పుకోలేకపోయాడు.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు.

ఆసుపత్రి వరండాలో అక్క మెల్లగా అడిగింది. “ఊళ్ళో అందరికీ నేర్పావు. నాకెందుకు నేర్పలేదే?”

బావతో ఎన్నిసార్లు పోట్లాడిందో టీచరమ్మకి గుర్తుంది. అదే పడవలో అక్క కూడా కూర్చుంటుందని తెలిసీ, తాళం ఎక్కడుంటుందో ఆమెకి చూపించాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

“ఒక్కరే లోపలికి రావాలి” అంది నర్సు. అక్క లేచి వెళ్ళిపోయింది.