నాలుగో బోరు

అతని భార్యను చంపింది ఆమె తమ్ముడే. ఇందులో అతనికి ఏ అనుమానమూ లేదు. డాక్టరు రక్తంలో జబ్బన్నాడు. జబ్బు దానంతటది రాదు, ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. తమ్ముడు గోడ అవతలి పెట్రోలు బంకుకు మేనేజరు. నేలలో పాతిన ట్యాంకు కారుతోందని రోజూ ముంచి తీసే కొలకర్ర చెబుతూనే ఉంది. తమ్ముడు మాత్రం ఎండకు ఆవిరవుతోందని రాస్తూ పోయాడు. నీళ్లు వాసనొస్తున్నాయని అక్క అంటే, నీ ముక్కుకు పుట్టినప్పటినుంచీ పెంకితనమేనని నవ్వాడు.

చచ్చినావిడ మొగుడిది బోర్లు వేసే పని. మాట కటువు, పని గట్టి అని పేరు. వీధి మొత్తానికి కుళాయిలొచ్చినా అతనింట్లో మాత్రం బోరు నీళ్లే. బోర్లు వేసేవాడింట్లో కుళాయేమిటని పంతం. పగలంతా అతను పనిమీద బయటే తాగేవాడు, కూతురు హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆ నీళ్లు కడుపునిండా తాగింది ఆవిడొక్కతే.

ఆవిడ పోయి మూడేళ్లు. కర్మ అయిన మర్నాడే కూతురి చేత ఒట్టు వేయించుకున్నాడు, మేనమామ మొహం చూడనని. ఆ మామ భుజాల మీద పెరిగిన పిల్ల. ఒట్టు వేసింది గానీ, ఆ తర్వాత తండ్రితోనూ అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆఖరికి బంకు మూతపడింది. నేలకింద పెట్రోలు ఎంతదూరం పాకిందో చూడటానికి పరీక్ష బోర్లు కావాలని పిలుపొస్తే, అతను బేరమాడకుండా ఒప్పుకున్నాడు. నేల నోరు విప్పితే సాక్ష్యం కాగితం మీదకొస్తుంది. ఆ కాగితం కూతురి ముందు బావమరిది మొహాన కొట్టాలి. అంతకు మించి అతనికి ఈ లోకంలో పనేమీ మిగల్లేదు.

పరీక్షలు చూసేది ఒక పడుచు ఇంజనీరు. పనివాళ్లు ఆమెకు మట్టిడాక్టరని పేరు పెట్టారు. మెడలో ఆవిరి పసిగట్టే మీటరు వేలాడేసుకుని తిరిగేది. మొదటి బోరు పదిహేను అడుగులు దిగేసరికి ఎర్రమట్టి కాస్తా కమిలిన ఒంటిలా నల్లగా నీలంగా వచ్చింది. మీటరు కూత పెట్టింది. ఇంజను ఆపి అందరూ గాలికి ఎదురుగా జరిగారు. మెకానిక్కు గ్రీజు ముసలాడు జేబులో సిగరెట్టు పెట్టె తీసి దూరంగా విసిరేసి, ఇరవయ్యేళ్లు పెళ్లాం తిట్టినా మాననిది ఈ పిట్ట ఒక్క కూతతో మాన్పించిందన్నాడు.

గాట్లున్న గొట్టం దింపి చుట్టూ ఇసుక పోశారు. దానిమీద నీటికి ఉబ్బే మట్టి గుళికలు, ఆపైన సిమెంటు. పై నీళ్లు గొట్టం పక్క సందులోంచి కిందికి జారకూడదని మట్టిడాక్టరు దగ్గరుండి పోయించింది. తాతకు దగ్గులు నేర్పకమ్మా అన్నాడు అతను. ముప్పై ఏళ్లలో ఏ కొంపలోనూ సిమెంటు పొయ్యకుండా బోరు వదల్లేదని గొప్ప చెప్పుకున్నాడు.

మర్నాడు తాడు కట్టి దింపిన గాజుగొట్టం పైకొచ్చింది. నీళ్లమీద రెండు వేళ్ల మందాన పచ్చగా పెట్రోలు. రెండో బోరులోనూ అంతే.

ఆ సాయంత్రం బావమరిది కంచె దగ్గరకొచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"తప్పు నాదే బావా. పైవాళ్లకు చెప్పాను. ఆగమన్నారు, ఆగాను. అక్కదాకా వస్తుందనుకోలేదు."

"మీ అక్కా అనుకోలేదు," అని అతను వెనక్కి తిరిగాడు.

మూడో బోరు లోతుకు దింపారు. ముప్పై అడుగుల కింద జిగటమన్ను తగిలింది. ఇరవై అడుగుల మందం, రాయిలాంటి మన్ను. దాని కిందున్న నీళ్లు తేటగా వచ్చాయి, వాసన లేదు. అతనింటి బోరు దిగిందీ ఈ లోతుకే, ఆవిడ తాగింది ఈ కింది నీళ్లే. ఇవి బాగుంటే, మరి జబ్బెలా వచ్చింది?

నాలుగోది బంకుకూ అతనింటికీ మధ్య గోడవారన వేద్దామంది మట్టిడాక్టరు. అంతే లోతు, అదే జిగటమన్ను. వారం తర్వాత ఆమె కాగితం పట్టుకుని అతని దగ్గరకే వచ్చింది.

"విచిత్రంగా ఉంది పెద్దాయనా. ఇక్కడ కింది నీళ్లు కూడా విషమే. మన్ను ఎక్కడా చీలలేదు. ఎవరో బోరుతో పొడిచి, చుట్టూ మూయకుండా వదిలేసి ఉండాలి. మోటరు వేసినప్పుడల్లా పై నీళ్లు ఆ సందులోంచి కిందికి దిగాయి. ఈ చుట్టుపక్కల పాత బోరేమైనా ఉందా?"

గోడకు పది అడుగుల అవతల, అతని పెరట్లోనే ఉంది. ఆ ఇంట్లోకి కొత్తగా దిగినప్పుడు వేశాడు. నడివేసవి, చేతినిండా పని, తెల్లారితే ఇంకోచోట మిషను దింపాలి. భార్య కొంగు దోపుకుని బురదలో నిలబడి అడిగింది, ఊరందరికీ పోస్తావు, మన బోరుకు సిమెంటు పొయ్యవా అని. మనదేగా, ఎక్కడికి పోతుంది, తర్వాత పోద్దాం అన్నాడు. తవ్విన మట్టే సందులో కూరి కాలితో తొక్కాడు. ఆ తర్వాత అనేది పద్దెనిమిదేళ్లయినా రాలేదు.

"ఉంది," అన్నాడు.

"ఎవరు వేశారో తెలుసా?"

"తెలుసు. నేనే."

ఆమె రాసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

అతను ఇంటికెళ్లి మోటరు పీకేశాడు. గొట్టం పగలగొట్టి, ఒక్కడే సిమెంటు కలిపి పోశాడు. పోసినకొద్దీ తాగింది ఆ గుంత. నోటిదాకా నిండేసరికి పొద్దు వాలింది. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"కాగితం వచ్చిందటగా. మామేనా?"

అతను చేతులు కడుక్కుంటున్నాడు. సిమెంటు గోళ్లలోంచి పోవడం లేదు.

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను. మామ దగ్గరకు వెళ్తే వెళ్లు."

"అంటే మామ తప్పు లేదా?"

"ఉంది."

"మరి ఎందుకు..."

"నేను వాణ్ని క్షమించలేదు. ఎవర్నీ క్షమించలేదు." తువ్వాలు అందుకున్నాడు గానీ తుడుచుకోలేదు. "ఈ సంగతి ఇక నువ్వు అడగొద్దు. నేను చెప్పను. చచ్చేదాకా చెప్పను."