ఆవిరిలో ఉప్పు

మంగళవారం నుంచి వాసనలు నా దగ్గరికి పనికి రావడం లేదు. పనికిరానివి కావు పాపం, పనికి రావడం లేదంతే. ఇంగువ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్తోంది.

నేను గుడిలో వంటస్వామిని. నైవేద్యానికి ముందు నాలుక మీద మెతుకు వేసుకోకూడదు కాబట్టి, పులిహోరలో ఉప్పెంతో ఆవిరి వాసన పట్టే చెబుతాను. ఇప్పుడు చెప్పలేను. దేవుడు పళ్లెం గడప ఇవతలికి నెట్టేస్తున్నాడు. ఆకలికి ఆయన కడుపు చేసే చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

"ఆయన తినేదాకా నేనూ తినను. మీ తలలో ఏదో అడ్డం పడింది, పదండి," అంటుంది నా భార్య ఆండాళు.

ఆసుపత్రిలో డాక్టర్ మృణాళిని నా కళ్లు మూయించి, ముక్కు కింద కాఫీపొడి పెడుతుంది.

"ఏమిటిది?"

"మీ చెయ్యేనండి. గాజులు వినిపిస్తున్నాయి."

నన్ను స్కానింగు గొట్టంలోకి తోస్తారు. గొట్టం సాగి సాగి మా గాలిగోపురాన్ని చుట్టి వస్తుంది. ఫిల్ములో నుదుటి వెనక, ముక్కుకి పైన, పూర్ణంబూరె అంత గడ్డ బాసింపట్టు వేసుక్కూర్చుంది. దాని అవతల వాసనలన్నీ క్యూలో ఉన్నాయి. కరివేపాకు కునుకు తీస్తోంది.

"మెనింజియోమా," అంటుంది డాక్టరమ్మ. "మెదడులో కాదు, మెదడు కప్పుకున్న పొరలో పుట్టింది. చూడబోతే కేన్సర్‌లా లేదు. నెమ్మదిగా పెరుగుతుంది."

"గడ్డపెరుగంటే నాకు ప్రాణం. గడ్డ పెరుగుతుందంటేనే ప్రాణం మీదికి వస్తోంది. పేరులో ఓమ, అదే మన వాము, ఉందిగా, దానంతటదే అరిగిపోదూ?"

"అరగదు. తియ్యాలి."

"వాసనలు తిరిగొస్తాయా?"

"మాట ఇవ్వలేను. దారి ఇస్తాను."

మత్తు డాక్టరు గమ్మత్తుగా నవ్వుతాడు. నేను నిద్రపోతూనే పక్కన నిలబడి చూస్తున్నాను. కపాలానికి కపాటం తెరుస్తారు. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూస్తూ, పాల మీద మీగడ తీసినంత ఓపికగా, గడ్డని అంచుల నుంచి విడదీస్తుంది. అది మర్యాదగా లేచి చెప్పులు వెతుక్కుంటుంది.

ఇంగువ లోపల అడుగు పెడుతుంది. ఆవాలు ఆలస్యానికి క్షమాపణ చెప్పుకుంటాయి. అసలు వాసనే లేని ఉప్పు అందరికన్నా చివర వస్తుంది.

ఆండాళు ఆపరేషన్ బల్ల దగ్గరికే వచ్చి పులిహోర గిన్నె నా ముందు పెడుతుంది. "ఇప్పుడు చెప్పండి."

"చిటికెడు తక్కువ."

వేస్తుంది.

"సరిపోయింది."

గుడిగంట తనంతట తానే మోగుతుంది. డాక్టరమ్మ కపాటం మూయబోయి ఆగుతుంది. నా తలలోంచి ఆవిరి లేస్తోంది. గోపురం మీది బొమ్మలన్నీ దిగి, విస్తళ్లు చంకన పెట్టుకుని, నా నుదుటి నుంచి సముద్రం దాకా భోజనానికి బంతిగా కూర్చుంటున్నాయి. మొదటి విస్తరి దగ్గర దేవుడు, పక్కన ఆండాళు. గడ్డ చెప్పులు విడిచి వచ్చి అందరికీ మంచినీళ్లు పోస్తోంది.

దేవుడు విస్తరిలోంచి తలెత్తకుండానే చెయ్యి చాపుతాడు.

"మారు వడ్డించు."